ఎడమ చక్రం

మామ పోయాడని పెనుకొండ నుంచి అత్త ఫోన్ చేసినప్పుడు నేను ధర్మవరంలో మా చీరల అంగట్లో పెళ్ళివారి ముందు పట్టుచీర మడత విప్పుతూ ఉన్నాను. పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, వరండాలో కుర్చీలోనే తల వాల్చేశాడట. కునుకు తీస్తున్నాడనుకుని అత్త లోపల పప్పుకు ఎసరు పెట్టుకుందట. ఆ మాట వింటే ఎవరికైనా ముందు ఏడుపు రావాలి. నాకు ముందు వాళ్ళ షెడ్డులో ఉన్న కారు గుర్తొచ్చింది. ఆ కారు కదలకుండా వెనక చక్రాలు రెండూ బిగించేసింది నేను. ఆ సంగతి మామకు చెప్పి, నా చేత్తోనే మళ్ళీ వదులు చేయాలని నెలలుగా అనుకుంటూ, పోకుండా కూర్చున్నదీ నేనే.

ఆ రోజు ఇంటికి వచ్చినవాళ్ళంతా ఆయన మంచితనం చెప్పుకున్నారు. అన్నీ నిజాలే. నేను షెడ్డు వైపు చూడకుండా ఉండడానికి తంటాలు పడుతూ ఒక మూల కూర్చున్నాను. వాళ్ళకు చెప్పలేనిది మీకు చెప్తున్నాను.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. హిందూపురంలో ఒక నూలు మిల్లులో స్టోర్ కీపరుగా పనిచేశాడు. బీడీ లేదు, సినిమా లేదు, ఉన్నది ఒకటే పిచ్చి. బెంగళూరులో ఎవరి పెరట్లోనో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న ఒక పాత స్పోర్ట్స్ కారును కొని, లారీ మీద ఎక్కించుకుని తెచ్చుకున్నాడు. మెంతాకు రంగు, రెండే సీట్లు, పైన టాపు లేదు. దాన్ని దించిన రోజు అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని చుట్టూ తిరిగి చూసింది.

"ఇద్దురు కూసునే కారు యాలప్పా మనకు? సంతకు పోతే కూరగాయల సంచి యాడ పెట్టేది?"

"నీ వొళ్ళో పెట్టుకో. సంచికి టికెట్టు అడగన్లే," అన్నాడు మామ.

నేను హిందూపురంలో డిగ్రీ చదివినన్నాళ్ళూ వాళ్ళింట్లోనే ఉన్నాను. ఆదివారం వచ్చిందంటే మామ పాత లుంగీ కట్టుకుని షెడ్డులో దూరేవాడు. ఆ కారుకు వెనక చక్రాలవి డ్రమ్ము బ్రేకులు. డ్రమ్ము లోపల రాసుకుని చక్రాన్ని ఆపే షూలు అరిగేకొద్దీ పెడలు కిందికి దిగిపోతుంది. అప్పుడు చక్రం వెనక తట్టు ఉండే చదరపు తల బోల్టును తిప్పి వాటిని మళ్ళీ దగ్గరికి తేవాలి. ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, హ్యాండు బ్రేకు వదిలేసి, వెనక భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టేవాడు. చక్రం అసలు కదలనంతగా బోల్టు బిగించి, లోపలి షూలు సర్దుకునేందుకు "తొక్కు" అనేవాడు. నేను సీట్లో కూర్చుని పెడలు తొక్కేదాన్ని. "వదులు." వదిలేదాన్ని. తర్వాత బోల్టును కొంచెం కొంచెం వెనక్కి తిప్పుతూ చక్రాన్ని చేత్తో తోసి, చెవి దగ్గర పెట్టి వినేవాడు. చక్రం తిరగాలి, తిరుగుతూ లోపల సన్నగా రాసుకోవాలి. ఆ సన్నటి చప్పుడు దొరికిందాకా ఆయనకు టిఫిను గుర్తుండేది కాదు.

కొన్నాళ్ళకు నన్నే కారు కిందికి పొమ్మన్నాడు. ఆడపిల్లతో ఇవేం పనులని మా అమ్మ ఫోన్లో గొణిగితే, "బ్రేకు తొక్కే కాలికి ఆడా మగా ఉండాదా అక్కా?" అన్నాడు. మొదటిసారి నేను బలం కొద్దీ బిగించి, అంతేనని లేవబోయాను. నా భుజం మీద తట్టాడు.

"బిగిచ్చేది యెవురైనా బిగిస్తారు పాపా. ఎంత వదలల్లో అదే పని."

ఇంకో మాట కూడా తరచుగా అనేవాడు. "బ్రేకనేది మన కోసరం కాదు, ఎదురొచ్చేటోని కోసరం." పని అయ్యాక బోల్టు తల గుడ్డతో తుడిచి, వేలితో ఇంత గ్రీజు పూయకపోతే ఊరుకునేవాడు కాదు. తుప్పు పడితే తర్వాత ఇప్పేవాడి ప్రాణం పోతుంది కదా. "రేపు ఇప్పేటోడు మనల్ని తిట్టుకోగూడదు," అనేవాడు.

రిటైరయ్యాక పెనుకొండలో ఇల్లు కట్టుకుని, కారుకు ఇంటికంటే మంచి షెడ్డు వేయించాడు. నాకు పెళ్ళై ధర్మవరం వచ్చాక కూడా అప్పుడప్పుడూ ఆ కారులో మా వీధిలోకి దిగేవాడు. పిల్లలంతా మూగేవాళ్ళు. మా ఆయన, "మీ మామ వచ్చినాడంటే బేరాలు ఆగిపోతాయి," అని నవ్వేవాడు.

తర్వాత షుగరు ఆయన కళ్ళను పట్టుకుంది. పోయినేడాది మా ఇంటికి వస్తూ దారిలో అడ్డం వచ్చిన గొర్రెల మందను దగ్గరికి పోయిందాకా చూడలేదు. బ్రేకులు బాగున్నాయి కాబట్టి కాపరి ముసలాయన బతికాడు. మామ దాన్ని కూడా తన బ్రేకుల గొప్పగానే చెప్పుకున్నాడు. అత్త ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది.

"ఆయప్పకు కండ్లు ఆనల్యా పాపా. చెప్తే ఇనడు. బండి బీగంచెవి దాచిపెడితే ఇంగోటి చేపిచ్చుకుంటాడు. నువ్వే ఏమన్నా చెయ్యి తల్లీ."

చెప్పడం నా చేతిలోనే ఉంది. ఎదురొచ్చేవాడి కోసమే బ్రేకని ఆయనే కదా నేర్పింది, ఆ మాటే ఆయనకు తిప్పి చెప్తే సరిపోయేది. కానీ నీ కళ్ళు పోయాయి మామా అని ఆయన మొహం మీద చెప్పడానికి నాకు నోరు రాలేదు. నాకు నోటికంటే స్పానరే సులభమనిపించింది. శుక్రవారం ఆయన నమాజుకు పోయిన వేళ చూసి వెళ్ళాను. వెనక చక్రాలు రెండూ బిగదీశాను. ఈసారి వెనక్కి వదల్లేదు. తర్వాత, చూడండి నా తెలివి, అలవాటు కొద్దీ బోల్టు తలలు శుభ్రంగా తుడిచి గ్రీజు కూడా పూశాను. దొంగతనం చేసి, ఇల్లూడ్చి, ముగ్గేసి వచ్చినట్టు.

మామ తిరిగొచ్చి, "ఏం పాపా, ఎప్పుడొస్తివి?" అంటూ సంబరపడిపోయాడు. నేను గ్రీజు చేతులు కొంగు కింద దాచుకుని టీ తాగాను.

రెండు రోజులకు ఫోన్ వచ్చింది.

"పాపా, బండి కదలల్యా. ఎనక చక్రాలు పట్టేసినాయి. పోయిన ఆదివారం బిగిచ్చి వదిలేది మర్సిపోయినా యేమో. నా చెయ్యి చెడింది పాపా."

అప్పుడన్నా చెప్పి ఉండొచ్చు. నేనేమన్నానో తెలుసా? "వయసైంది కదా మామా, మర్చిపోయి ఉంటావులే," అన్నాను. కారును బిగించడం ఆయన మంచికే అనుకుందాం. ఈ మాట మాత్రం ఎవరి మంచికీ కాదు. నన్ను నేను కాపాడుకోవడానికి ఆయన చేతి మీద ఆయనకే అనుమానం పెట్టాను.  "అంతే అయింటాదిలే," అన్నాడు మామ.

"ఒగసారి వచ్చి పెడలు తొక్కిపో పాపా," అని ఆ తర్వాత చాలాసార్లు అడిగాడు. నేను పెళ్ళిళ్ళ సీజను అన్నాను, శ్రావణం అన్నాను, చిన్నోడికి పరీక్షలన్నాను. ధర్మవరానికీ పెనుకొండకూ మధ్య బస్సులకేం కరువు? ఆయన ఎదుట పడి ఆ బోల్టు మీద చెయ్యి వేయడానికి నాకు మొహం చెల్లలేదు. కొన్నాళ్ళకు కారు ఊసు మానేసి, "ఎప్పుడొస్తాండావు?" అని మాత్రం అడిగేవాడు.

నలభయ్యో రోజు మామ పేరిట చదివించిన ఫాతిహాకు పోయాను. భోజనాలై చుట్టాలంతా వెళ్ళిపోయాక అత్త కొంగు ముడి విప్పి కారు బీగం నా ముందు పెట్టింది. అంతదాకా ఆగిన ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది.

"నేను ఆయనకు చెప్పనేలేదత్తా."

"ఆయప్పకు తెలుసులే పాపా."

నేను తలెత్తి చూశాను.

"ఫోన్ పెట్టేసి, టార్చి తీసుకుని బండి కిందికి దూరినాడు. జాము సేపు బయటికి రాల్యా. వచ్చి, వేలు నాకు చూపిచ్చి నవ్వినాడు. వేలికి గ్రీజు. 'ఇంత సుద్దంగా పూసేది ఈ జిల్లాలో ఇంగొగరే,' అన్న్యాడు. నేనే చెయ్యమన్న్యానని ఒప్పుకున్న్యా."

"కోపమొచ్చిందా?"

"కోపం యాడిది? తన చెయ్యి చెడలేదని తెల్సి ప్రాణం లేచొచ్చింది ఆయప్పకు. నన్ను సీట్లో కూసోబెట్టి పెడలు తొక్కమన్న్యాడు. కుడి చక్రం వదిలినాడు. ఎడమది యాలప్పా వదలవు అంటే, 'అది ఆ పాప వచ్చి ఇప్పల్ల,' అన్న్యాడు. బీగం నాకే ఇచ్చేసినాడు, మళ్ళ ముట్టలేదు. 'చెప్పింటే నేను ఇననా?' అని మాత్రం ఒగ తూరి అనె."

"నాకు ఒక్క మాట చెప్పకపోతివే అత్తా!"

"చెప్పద్దన్న్యాడు. నువ్వే వస్తావన్న్యాడు. గేటు చప్పుడైతే చాలు, లేసి చూస్తాండె."

క్షమించాడు కదా అని మీరనొచ్చు. మా ఆయనా అదే అన్నాడు. ఆయన క్షమించాడో లేదో నాకు తెలియదు. ఎదురుచూశాడు, నేను పోలేదు. నాకు తెలిసింది అంతే.

షెడ్డులోకి పోయాం. రాళ్ళు అడ్డం పెట్టి, కారు లేపి నిలబెట్టాను. కుడి చక్రాన్ని తోస్తే సన్నగా రాసుకుంటూ తిరిగింది. ఎడమది గోడలా ఉంది. కిందికి దూరి టార్చి వేశాను. ఇన్ని నెలల్లో నేను పూసిన గ్రీజు దుమ్ముపట్టి గట్టిపడి ఉండాలి. బోల్టు తల మెరుస్తోంది. మెత్తటి కొత్త గ్రీజు, దాని మీద వేలితో రాసిన గీత. నేను పూసినది కాదు. ఇప్పడానికి వచ్చినప్పుడు నాకు కష్టం కాకూడదని పూస్తూ వచ్చాడు.

స్పానరు పెట్టాను. బలం పెట్టే పనే లేకుండా తిరిగింది. అత్త చీర సర్దుకుని సీట్లో కూర్చుంది. "తొక్కు" అన్నాను. తొక్కింది. "వదులు" అన్నాను. ఇంకొంచెం వెనక్కి తిప్పి, చేత్తో చక్రాన్ని తోసి, చెవి దగ్గర పెట్టాను.

"చాలునా పాపా? ఇంగ దిగుదునా?" పైనుంచి అత్త అడుగుతోంది.

చక్రం తిరుగుతూనే ఉంది.