బెల్లం వాసన వేసే లెన్సు సంచి

నిన్న సాయంత్రం పాత లెన్సు సంచి జిప్పు లాగగానే బెల్లం వాసన గుప్పున కొట్టింది. ఎన్నేళ్లయిందో! ఎండలో పెట్టాను, దులిపాను, లోపలి గుడ్డ సబ్బునీళ్లతో తుడిచాను. ఊహూఁ, పోలేదు. వానాకాలం గాలిలో తేమ పెరిగితే చాలు, అనకాపల్లి బెల్లం మార్కెట్టులో దిమ్మల మధ్య నిలబడ్డట్టే ఉంటుంది. ఎప్పుడూ విసుక్కునేదాన్ని, నిన్న మాత్రం సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాను. విశాఖపట్నంలోని కెమెరా షాపతను వారం నుంచి ఫోన్లు చేస్తున్నాడు. అద్దం లేని కొత్త కెమెరాలొచ్చాయట, వాటి మౌంటు వేరట, పాతవన్నీ ఇచ్చేసి అందులోకి మారిపొమ్మంటాడు. ఇలా మారనా వద్దా అని కాలుకాలిన పిల్లిలా తిరగడం నాకిది రెండోసారి. మొదటిసారి తిరిగినప్పుడు నన్ను చూసి నవ్విన మనిషి నూకరత్నం పిన్ని.

పిన్ని అంటే చుట్టరికం కాదు. డిగ్రీ అయ్యాక ఊళ్లో చెరకు పనులకు పోవడం ఇష్టంలేక, కశింకోట నుంచి షేరాటో ఎక్కి అనకాపల్లి వచ్చి ఆవిడ స్టూడియోలో పనికి చేరాను. మెయిన్ రోడ్డు మీద మందుల కొట్టు పైన ఒక గది. ఆమె భర్త బెల్లం మార్కెట్టులో ఒక కొట్లో గుమస్తా. ఈవిడ మాత్రం అప్పటికే ఇరవై ఏళ్లుగా ఫొటోలు తీస్తోంది. సీమంతాలు, పెళ్లికూతుర్ని చెయ్యడాలు, మగవాళ్లను లోపలికి రానివ్వని వేడుకలు ముందు ఆమెకొచ్చేవి. తరువాత పెళ్లిళ్లూ వచ్చాయి. పొట్టి మనిషి, పెద్ద గొంతు. చీర కొంగు నడుముకి బిగించి కెమెరా ఎత్తిందంటే పురోహితుడు కూడా ఆమె వైపొకసారి చూసి గాని తరువాతి మంత్రం ఎత్తుకునేవాడు కాదు. నాకు ఫ్రేమంటే ఏమిటో, వెలుగంటే ఏమిటో, పెళ్లివారి మీద కోపమొచ్చినా మొహంలో కనపడనివ్వకపోవడమంటే ఏమిటో ఆవిడే నేర్పింది. మూడోది నాకు ఇప్పటికీ సరిగ్గా రాలేదు.

చదివేవాళ్లకు ఈ మౌంటు గొడవేమిటో చెప్పాలి. కెమెరా మూతి దగ్గర లెన్సును తిప్పి బిగించే చోటుని మౌంటు అంటారు. ఒక్కో కంపెనీది ఒక్కో గాడి. ఒకరి లెన్సు ఇంకొకరి కెమెరాకి ఎక్కదు. కెమెరా కొనడమంటే ఆ ఒక్క వస్తువు కొనడం కాదన్నమాట, ఇక మీదట కొనే లెన్సులన్నీ ఆ ఇంటివే కావాలి. పిన్ని దీన్ని తన పద్ధతిలో చెప్పేది. "లైట్లూ గొడుగులూ స్టాండులూ అన్నీ కంచం పొత్తే. ఎవలివైనా వాడుకోవచ్చు. లెన్సు అలాక్కాదే. దానికి మంచం పొత్తు కావాలి" అని.

అనకాపల్లిలో ఒక ఆనవాయితీ ఉండేది. గట్టి ముహూర్తం ఉన్న రోజుకి ముందటి సాయంత్రం ఫొటోగ్రాఫర్లందరూ కలర్ ల్యాబు అరుగు మీద చేరేవారు. పాయకరావుపేట నుంచి కూడా వచ్చేవారు. రేపు ఎవరికి రెండు పెళ్లిళ్లున్నాయి, ఎవరి లెన్సు మరమ్మత్తులో ఉంది, ఎవరిది ఖాళీగా ఉంది, అన్నీ టీలు తాగుతూ తేల్చుకునేవారు. "బావా, నీ జూమ్ ఇటు పడీ" అంటే పడేసేవారు, అంతే. రసీదూ లేదు, అద్దే లేదు. ఇది సాగడానికి కారణం ఊరందరిదీ ఒకే మౌంటు కావడం. మెడపట్టీ పసుపు రంగులో ఉండే కంపెనీ అది. ఊరంతా ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, పిన్నిది మాత్రం ఎక్కడా కనపడని ఇంకో కంపెనీ. ల్యాబుకి ఫిల్ము కడిగించడానికి వెళ్లేది, ఫొటోలు తెచ్చుకునేది. ఆ అరుగు మీద మాత్రం ఒక్కసారీ కూర్చోలేదు.

రెండు వేల ఐదు, ఆరు ఆ ప్రాంతం. ఫిల్ము పోయి డిజిటల్ వస్తోంది. సరిగ్గా అప్పుడే మా పక్క ఊరి రైతొకాయన తన కూతురి పెళ్లి ఫొటోలు నన్నే తియ్యమన్నాడు. పిన్ని స్టూడియో పేరు మీద కాదు, నా పేరు మీద. మాఘమాసంలో పెళ్లి. ఈలోగా నా సొంత కెమెరా కొనాలి. కొనేది ఒక్కసారే, మళ్లీ మార్చే స్తోమత లేదు. పసుపు పట్టీ కొంటే ఊరి మగవాళ్లతో ఒకటవుతాను. కానీ అప్పుడొచ్చిన ఎర్రపట్టీ కెమెరా ఉందే, దీపం వెలుగులో కూడా మొహాన్ని మొహంలా చూపించేది. అది ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. కొంటే నేనూ పిన్నిలా ఒంటరినే. ఆవిడ బతికింది కదా, నేను బతకలేనా అనిపించేది. మరుక్షణం భయం వేసేది.

బస్సెక్కి విశాఖపట్నం వెళ్లేదాన్ని, రెండు కెమెరాలూ చేతిలోకి తీసుకుని మెడలో వేసుకుని చూసుకునేదాన్ని, ఉత్తి చేతులతో తిరిగొచ్చేదాన్ని. బస్సు అనకాపల్లి చేరేలోపు రెండుసార్లు మనసు మార్చుకునేదాన్ని. అన్నం ముందు కూర్చుంటే పసుపు, నీళ్లు తోడుతుంటే ఎరుపు. రెంటికీ చెడ్డ రేవడినైపోతానేమోనని బెంగ. స్టూడియోలో ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తుంటే పిన్ని నెగెటివ్‌లు కత్తిరిస్తూ, "ఏటే వరం, ఏటా తిరుగుడు? కూకో ఒకపాలి" అని నవ్వేది. ఏది కొనమంటావో చెప్పు అంటే చెప్పేది కాదు. నాకు ఒళ్లు మండిపోయేది. నేర్పినావిడ, ఈ ఒక్క మాట చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా?

ఒకరోజు ఊరుకోలేక అడిగేశాను, నువ్వెందుకు ఎవరూ కొననిది కొన్నావని. అప్పుడు చెప్పింది. మొదట్లో ఆవిడదీ పసుపు పట్టీయేనట. పాయకరావుపేటలో ఒక పెద్ద పెళ్లికి అరుగు దగ్గరికెళ్లి ఒకాయన్ని లెన్సు అడిగిందట. ఆయన కాదనలేదు. లెన్సుతో పాటు తానూ వచ్చాడు. ఆడమనిషివి, బరువు మోయలేవు, నేనున్నాను కదా అంటూ తాళి కట్టే వేళకి ముందుకొచ్చి తానే నిలబడ్డాడు. పెళ్లివారు ఆయన్నే ఫొటోగ్రాఫరనుకున్నారు. ఆ తరువాత ఆ ఇంట్లో జరిగిన ప్రతి శుభకార్యానికీ ఆయన్నే పిలిచారు. పిన్ని ఇంటికొచ్చి ఆ కెమెరా అమ్మేసి, ఎవరి లెన్సూ ఎక్కని దాన్ని వెతికి కొనుక్కుంది. "అడగలేని మనిషినైపోతే ఎవలూ నా కూడా రారు కదా అనీసి" అంది, కత్తెర ఆపకుండానే. నాకు కళ్లనీళ్లు తిరిగాయి, వెంటనే ధైర్యమూ వచ్చింది. ఎర్రపట్టీయే కొంటాను, ఒంటరిగానే ఉంటాను అని ఆ క్షణంలో తేల్చేసుకున్నాను. హమ్మయ్య అనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

నా హాయి వారం కూడా నిలవలేదు. దేవరాపల్లిలో పగటి ముహూర్తం పెళ్లికి ఇద్దరం వెళ్లాం. జీలకర్ర బెల్లం పెట్టే వేళ అక్షింతలు వానలా పడ్డాయి. పసుపు తడి ఆరని బియ్యపుగింజ ఒకటి పిన్ని కెమెరా లెన్సు రింగు సందులో ఇరుక్కుంది. తిప్పబోతే తిరగదు. పిన్నుతో గెలికితే ఇంకా లోపలికి పోయింది. సంచిలో మిగిలింది పొడుగు లెన్సు ఒక్కటే, పెళ్లికూతురి మొహం దగ్గరగా తియ్యడానికి తెచ్చుకున్నది. అవతల తాళి కట్టడానికి పెద్ద వ్యవధి లేదు. అదే వీధి చివర పందిట్లో అప్పలరాజు అనే ఫొటోగ్రాఫరు ఉన్నాడని నాకు తెలుసు. ఆ అరుగు మీది మనిషే. పిన్నికి చెప్పకుండా పరిగెత్తాను. వాళ్ల ముహూర్తం ముందే అయిపోయింది, అతను భోజనానికి కూర్చున్నాడు. నా మాట పూర్తి కానివ్వలేదు, ఎంగిలి చెయ్యి అలా పట్టుకునే ఎడమచేత్తో సంచి జిప్పు తీసి, "తీసుకెల్లమ్మా. ఇది ఆవిడ దగ్గరే ఉంచు, తరవాత సూసుకుందాం" అన్నాడు.

ఎంత వెర్రిదాన్నో చూడండి. ఇన్నాళ్లూ మౌంటు మౌంటు అని నిద్రాహారాలు మానిన నేను, ఆ కంగారులో ఆ సంగతే మరిచాను. వగర్చుకుంటూ లెన్సు తెచ్చి చేతిలో పెట్టాను. పిన్ని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తన కెమెరా మూతికి ఆనించింది కూడా, ఎక్కదని తెలిసీ. తరువాత జాగ్రత్తగా నాకిచ్చేసి, పొడుగు లెన్సు బిగించుకుని, వెనక్కి నడుచుకుంటూ వంటల పొయ్యిల దాకా పోయి, అక్కడ బల్ల ఎక్కి జనం తలల మీదుగా తీసింది. పెళ్లికూతురి మెడ, పెళ్లికొడుకు వేళ్లు పడ్డాయి. చుట్టూ ఉన్న తల్లీతండ్రీ ఎవరూ పడలేదు. ఆల్బం చూసినప్పుడు పెళ్లికొడుకు తల్లి, నా కొడుకు తాళి కడుతుంటే నేను లేనా అని అడిగితే, పిన్ని తప్పు నాదేనని చెప్పి తలొంచుకుని వచ్చేసింది.

అసలు మాట మాత్రం ఆరోజు తిరుగుబస్సులోనే అంది. కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చుంది. తరువాత, "ఆడు ఇత్తానన్నాడే వరం. అందుకోడానికి నాకే సెయ్యి లేదు" అంది. ఇంకో రెండు ఊళ్లు దాటాక నా వైపు తిరిగి, "ఏది కొనాలని అడిగేవు కదా. నీకెవలు ఇత్తారో సూడకు. నువ్వెవలికి ఇవ్వగలవో అది సూసి కొనుక్కో" అంది. ఆ గొంతు ఆవిడది కానట్టుంది.

పసుపు పట్టీయే కొన్నాను. మాఘమాసం ముహూర్తానికి ముందటి సాయంత్రం మొదటిసారి ల్యాబు అరుగు ఎక్కాను. మగవాళ్లు మాటలాపి సర్దుకుని కూర్చున్నారు. బయల్దేరే ముందు పిన్ని నన్ను మెట్ల దగ్గర ఆపి, "లెన్సొస్తే సాలు, మనిషి రానక్కర్లేదని ముందే సెప్పీ" అని పంపింది. అలాగే చెప్పాను. ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పలరాజు మాత్రం నవ్వలేదు, లెన్సు నా ముందు పెట్టి టీ తెప్పించాడు. ఆ పెళ్లి నేనే తీశాను, మొదటి నుంచి చివరి దాకా నేనే. తరువాత అనకాపల్లిలోనే చిన్న గది తీసుకుని నా పేరు రాయించుకున్నాను.

ఆ మరుసటి ఏడాదేమో, పిన్ని కెమెరా తయారుచేసే కంపెనీ ఆ వ్యాపారమే మానుకుందని పత్రికలో చదివాను. ఇక ఆవిడకి కొత్త కెమెరా గానీ లెన్సు గానీ దొరకవు. ఆవిడ దగ్గరికెళ్తే ఏమీ ఎరగనట్టు కాఫీ ఇచ్చింది. నేనూ అడగలేదు. ఇంత వయసులో ఇక మానేస్తుందిలే అని ఊళ్లో అనుకున్నారు. ఎవరి మీదో తెలియని కోపంతో నేను కొన్నాళ్లు అటు వెళ్లడమే తగ్గించాను.

ఒక సాయంత్రం నా గది మెట్లు ఎవరో ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడు. చూస్తే పిన్ని. మెడలో కొత్త డిజిటల్ కెమెరా, పసుపు పట్టీ. దాని మూతికి లెన్సు లేదు, ప్లాస్టిక్ మూతే ఉంది. ఉత్త కెమెరా కొనుక్కుంది! కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. పాఠం అప్పజెప్పేదానిలా నిలబడి, "రేపు కశింకోటలో సీమంతం ఉంది. ఒక లెన్సు ఇత్తావేటే?" అంది.

ఇరవై ఏళ్లకు పైగా ఆవిడ ఎవరినీ లెన్సు అడగలేదు. ఉన్నవాటిలో మంచిదాన్ని తీసి, నేనే ఆ కెమెరాకి ఆనించి తిప్పాను. టక్కున ఎక్కింది. పిన్ని ఆ చప్పుడు విని పెద్దగా నవ్వేసింది. నేనూ వస్తానని నోటి దాకా వచ్చింది, మింగేశాను. లెన్సు మాత్రమే ఇచ్చి పంపాను.

మర్నాడు సాయంత్రం సంచి తిరిగొచ్చింది, నేను లేనప్పుడు గుమ్మం దగ్గర పెట్టి వెళ్లింది. పొద్దున్నకి సంచి నిండా చీమలు. లబోదిబోమంటూ దులిపితే పక్క అరలో కాగితం పొట్లం, అందులో అరచేతిమందం బెల్లం ముక్క. మా వైపు ఇరుగుపొరుగుల గిన్నె తెచ్చుకుంటే ఉత్తి గిన్నె తిరిగివ్వరు, ఏదో ఒకటి వేసి ఇస్తారు. ఆవిడకి అది కెమెరా సంచి అని గుర్తులేదు, గిన్నెలాగే అనుకుంది. వెళ్లి దెబ్బలాడాను. సిగ్గుపడి, "అరువు తెచ్చుకోడం అలవాటు లేదు కదే" అంది. దెబ్బలాట అక్కడితో ఆగిపోయింది.

పిన్ని పోయి చాలా ఏళ్లయింది. చివరి సీమంతం దాకా నా లెన్సులే వాడింది. బెల్లం మాత్రం మళ్లీ పెట్టలేదు, జంతికలు పెట్టేది.

నిన్న ఆ సంచి తీసింది ఎందుకంటే, పాయకరావుపేటలో కొత్తగా స్టూడియో పెట్టినావిడ ఒకరు మర్నాటి పెళ్లికి లెన్సు కావాలని వచ్చింది. ఆవిడదీ పాత పసుపు పట్టీయే. మాట్లాడుతుండగానే షాపతని ఫోను మళ్లీ మోగింది. నాకు మళ్లీ అదే తిరుగుడు. మారితే ఇలా ఎవరికీ ఇవ్వలేనేమో, మారకపోతే పనికిరాకుండా పోతానేమో. ఫోనెత్తి, ఇప్పుడు కాదన్నాను. ఎప్పటికి కుదురుతుందో నాకే తెలియదు. ఆవిడ సంచిలో లెన్సు పెట్టుకుంటూ ముక్కు ఎగబీల్చి, సంచి ఇలా వాసనేస్తోందేమిటండీ అని అడిగింది. తరువాత చెబుతాలే అన్నాను. మెట్లు దిగబోతుంటే వెనక్కి పిలిచి, తిరిగిచ్చేటప్పుడు ఏమైనా పెట్టు గాని బెల్లం పెట్టకమ్మా అన్నాను.