హార్మోనియం మామను తిట్టినవాళ్ళలో నేనూ

హార్మోనియం మామ పోయారన్న కబురు నాకు మా నాయన అభిమానుల గ్రూపులో తెలిసింది. పుత్తూరు పోస్టాఫీసులో ఉదయం సంచులు విప్పించి సీట్లో కూర్చున్నాను. ఫోను చూస్తే ఆయన ఫోటో, చుట్టూ పూలదండ బొమ్మ, కింద చేతులు జోడించిన గుర్తులు వరసగా. మొదటి సంతాపం రాసిన మనిషి పేరు నాకు బాగా గుర్తు. ఏడాది కిందట అదే గ్రూపులో అదే మనిషి, ఈ ముసలోడి వేళ్ళు విరగ్గొట్టాలని రాశాడు. ఇప్పుడు మహా కళాకారుడు, తీరని లోటు అంటున్నాడు. ఒళ్ళు మండిపోయింది. అతనికి నాలుగు మాటలు రాయబోయి ఆగిపోయాను. అనే హక్కు నాకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా నాయన హరికథ చెప్పేవారు, అందరూ భాగవతారు అని పిలిచేవాళ్ళు. మా చిత్తూరు పల్లెల్లో ఎండాకాలం ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం పెడతారు. పద్దెనిమిది రోజులు, మధ్యాహ్నం పూట పందిట్లో కథ. ముప్పై ఏళ్ళు కథ మా నాయనది, హార్మోనియం ఈ మామది. మాకు ఆయనతో రక్తసంబంధం లేదు. మా అమ్మ ఆయన్ను అన్నా అని పిలిచేది కాబట్టి నాకు మామ అయ్యారు. ఆయన ఇల్లు కార్వేటినగరంలో, మాది పుత్తూరులో. భారతాల కాలంలో ఆయన వారానికి నాలుగు రోజులు మా ఇంట్లోనే తినేవారు. సంగటి ముద్దను పళ్ళెంలో వెడల్పుగా నొక్కి, అందరూ తిని లేచేదాకా అది చల్లారాలని కూర్చునేవారు. వేళ్ళు కాల్చుకుంటే పెట్టె ఎవడు వాయిస్తాడని మా అమ్మతో అనేవారు.

బస్సులో ఒక్క సీటు దొరికితే హార్మోనియాన్ని దాంట్లో పెట్టి తాను నిలబడేవారు. కండక్టరు గొణిగితే, దానికి మోకాళ్ళ నొప్పులప్పా అనేవారు. వారానికోసారి పెట్టె మూత తీసి, ముక్కు దగ్గర పెట్టి వాసన చూసి, పురుగు పట్టకుండా ఎండు వేపాకు వేసేవారు. మెచ్చుకోలు ఆయనకు చేతకాదు. కథ బ్రహ్మాండంగా కుదిరిన రోజున కూడా మా నాయనతో, 'ఈ పొద్దు పరవాలేదు' అనేవారు. ఆ మాట కోసం మా నాయన ఇంటికి వచ్చేదాకా కాచుకుని ఉండేవారని మా అమ్మ నవ్వేది.

సెలవుల్లో నేనూ వెంట పోయేదాన్ని. మామ నన్ను ఆడవాళ్ళ వరసల్లో వెనక కూర్చోమనేవారు. కథ వినపడకపోతే చెయ్యెత్తడం నా పని. అట్లా కూర్చున్నప్పుడే ఒక ఎండాకాలం ఆ సంగతి చూశాను. అప్పటికి నేను కాలేజీలో ఉన్నాను.

కౌరవసభలో ద్రౌపది మొర మా నాయనకు పేరు తెచ్చిన ఘట్టం. చివర్లో పై స్థాయికి పోయి అక్కడ నిలబడేవారు. అది వినడానికే పక్క ఊళ్ళ నుంచి ట్రాక్టర్లలో వచ్చేవాళ్ళు. ఆ రోజు ఆ చోటు వచ్చింది. మా నాయన నోరు తెరిచారు, మెడ నరాలు ఉబ్బాయి, చెయ్యి పైకి లేచింది. పందిరంతా ఆ స్వరం మోగింది. కానీ అది హార్మోనియం. మా నాయన గొంతు దాని కింద ఎక్కడో గీసుకుంటూ ఉంది. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికి వచ్చాక మా నాయన మిరియాల నీళ్ళు తాగుతూ గోడ వైపు తిరిగి కూర్చున్నారు. ఏం జరిగిందని నేను అడగలేదు. ఆ తరువాత పదేళ్ళు ఆయన కథలు చెప్పారు, నేను ఒక్కనాడూ అడగలేదు.

మా నాయన పోయి ఆరేళ్ళయింది. ఆ దుఃఖంలో మామ మూడేళ్ళు పెట్టె ముట్టలేదు. తరువాత నగరిలో మరమగ్గాల మీద పనిచేసే ఇంటి అమ్మాయి ఒకతె ఆయన దగ్గర పాట నేర్చుకోవడానికి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి. ఆ అమ్మాయి చేత భారతం చెప్పించాలని ఆయన పట్టు పట్టారు. అభిమానులకు అది మొదటి నుంచీ నచ్చలేదు. ఆ అమ్మాయి ఎక్కడ పాడినా, ద్రౌపది మొరలో పైకి ఎక్కలేకపోయిందని, భాగవతారు కాలిగోటికి సరిపోదని రాసేవాళ్ళు. నేను అవి చదివి లోలోపల సంతోషపడేదాన్ని. ఈ మాట ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

అప్పుడే తిరుపతి నుంచి ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్ళు మామను ఇంటర్వ్యూ చేశారు. మీ కొత్త ప్రాజెక్టులు ఏమిటని అడిగితే, ప్రాజెక్టంటే డ్యాము కదప్పా అన్నారట. ఆ అమ్మాయితో పద్దెనిమిది రోజుల కథంతా రికార్డు చేయిస్తానని, ఒక్కో కథ రెండు గంటలకే ముగిస్తానని చెప్పారు. ఇంటర్వ్యూ గంటకు పైన ఉంది. దాంట్లోంచి నలభై సెకన్లు కోసి ఎవరో గ్రూపులో వేశారు. నేను చూసింది ఆ నలభై సెకన్లే.

దాంట్లో మామ ఇట్లా అంటారు: 'మీరంతా చెప్పే ఆ పై సొరం ఉండాదే, భాగవతారుకు పదేండ్లు అది పలకలా. నేనే పెట్టెతో కప్పినా. ఆయన నోరు తెరిసేవాడు, నేను మెట్టు నొక్కేవాణ్ణి.'

ఇక చూడాలి ఆ తిట్లు. చచ్చిపోయిన మనిషి లేచి వచ్చి జవాబు చెప్పలేడనే కదా ఈ ధైర్యం అన్నారు. పక్కన కూర్చుని పెట్టె నొక్కేవాడికి ఇంత పొగరా అన్నారు. ముసలితనంలో ఆడపిల్ల మోజు అన్నారు, ఇక్కడ రాయలేని మాటలు కూడా అన్నారు. ఆయన ఫోటోకు చెప్పుల దండ వేసి తిప్పారు. ఆ అమ్మాయి ఫోను నంబరు ఎవరో బయట పెట్టారు. ఇదంతా మా నాయన మీద ప్రేమతో చేస్తున్నామని అనుకున్నారు. వాళ్ళలో సగం మంది మా నాయన కథ పందిట్లో కూర్చుని ఎప్పుడూ విననివాళ్ళే.

నేను కూడా రాశాను. నా పేరుతోనే రాశాను. 'మా నాయన పక్కన కూర్చోకపోయుంటే మీ పేరు ఈ జిల్లాలో ఎవరికీ తెలిసేది కాదు. మా ఇంటి అన్నం తిన్న చేతులతో మా ఇంటి పరువు తీశారు' అని. కూతురే చెప్పింది, ఇంకేం సాక్ష్యం కావాలి అని దాన్ని ఫోటో తీసి అన్ని గ్రూపులకూ పంపించారు. వారం తిరక్కుండా మూడు ఊళ్ళ భారతం కమిటీలు ఆ అమ్మాయి కథను వద్దన్నాయి. ఒక కమిటీ పెద్ద నాకు ఫోను చేసి, 'మీ మాట మీదే ఆపేసినామమ్మా' అని ఘనంగా చెప్పాడు.

కోపం చల్లారక ఆదివారం కార్వేటినగరం పోయాను. మామ వసారాలో చాప మీద కూర్చుని మెట్లు ఊడదీసి బ్రష్షుతో దుమ్ము తుడుస్తున్నారు. అత్త నన్ను చూసి లోపలికి పోయింది. మామ మాత్రం పక్కనున్న పీట చూపించారు. నేను కూర్చోలేదు.

"నాయన నీకు చెప్పొద్దని చెప్పలేదా?" అని అడిగాను.

"ఒట్టు పెట్టించుకున్నాడు."

"మరి ఎట్లా చెప్పినావు మామా?"

ఆయన చేతిలోని మెట్టును గుడ్డతో తుడిచి వరసలో పెట్టారు. "ఆ పిల్ల దినమూ ఏడస్తా ఉండాది పాపా. మీ నాయన ఎక్కిన ఎత్తుకు నేనెక్కలేనని గొంతు చించుకుంటా ఉండాది. నెత్తురు పడింది ఒకదినం. మీ నాయనే ఎక్కలా. ఎవురూ ఎక్కని ఎత్తుకు ఆ పిల్లను ఎక్కమనేది యాడి న్యాయం?"

"నన్ను ఒకమాట అడిగుండాల్సింది."

"అడిగుంటే వద్దనేదానివి."

"అవును, అనేదాన్ని."

"అందుకే అడగలా" అన్నారు.

క్షమించమని ఆయన అనలేదు. నేను రాసిన మాటల గురించి ఎత్తనే లేదు. చదివారో లేదో కూడా నాకు తెలియదు. ఆ నెమ్మదే నాకు ఇంకా మంట పుట్టించింది. మాట తప్పిన మనిషివి, మా గడప తొక్కవద్దని చెప్పి వచ్చేశాను. అత్త కాఫీ లోటాతో గుమ్మం దాకా వచ్చి నిలబడింది. తీసుకోలేదు.

ఇంటికి వచ్చాక నేను రాసింది తీసేశాను. తీసేసినంత మాత్రాన అది ఎక్కడికీ పోలేదు. ఫోటోలు అట్లాగే తిరుగుతున్నాయి. ఆయన చెప్పింది అబద్ధం కాదని ఒక్క మాట రాసి ఉంటే చాలామంది నోళ్ళు మూతపడేవి. రాయలేదు. మా నాయన పేరు ముఖ్యం అనుకున్నాను.

పోయిన ఎండాకాలం నగరి పక్కన ఒక ఊరు మాత్రం ఆ అమ్మాయి కథను ఒప్పుకుంది. చూసి వద్దామని, ఎవరికీ చెప్పకుండా పోయి ఆడవాళ్ళ వరసల్లో వెనక కూర్చున్నాను. పందిట్లో గొడవ చెయ్యాలనే కొందరు మోటారు సైకిళ్ళ మీద వచ్చారు. మెడలో మా నాయన ఫోటో ఉన్న బ్యాడ్జీలు. ద్రౌపది మొర మొదలవగానే ఒకడు లేచి, వెంట తెచ్చిన స్పీకరులో మా నాయన పాత రికార్డు పెట్టాడు. అదే మొర. పందిరంతా నాయన గొంతు నిండిపోయింది. అమ్మాయి పాట ఆపేసి మామ వైపు చూసింది. కమిటీ వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారే గాని ఎవరూ లేవలేదు.

మామ చేతులు పెట్టె మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. తల వంచుకుని వినడం మొదలుపెట్టారు. అది ఆఖరి సంవత్సరాల రికార్డు. ఆ చోటు వస్తోంది. మైకు ఆయన ముందే ఉంది. ఇదిగో, ఇప్పుడు వినండి, ఇది నా పెట్టె అని ఒక్క మాట అంటే చాలు, అక్కడున్న అందరి చెవులకూ తెలిసిపోతుంది. తలెత్తి జనాన్ని చూశారు. వెనక వరసల దాకా చూశారు. నన్ను కూడా చూశారు. ఆ స్వరం వచ్చింది, నిలబడింది, దిగిపోయింది. బ్యాడ్జీల వాళ్ళు ఈలలు వేశారు. మామ ఏమీ అనలేదు. రికార్డు పూర్తిగా అయిపోయేదాకా ఆగి, అమ్మాయి వైపు తిరిగి, ఇంక నువ్వు చెప్పు అన్నట్టు తల ఊపారు.

ఆ అమ్మాయి తన శ్రుతిలో, కిందనే, మళ్ళీ మొదలుపెట్టింది. ఇదేం పాట అని గొణుక్కుంటూ జనం లేవడం మొదలుపెట్టారు. సగం పందిరి ఖాళీ అయింది. లేచిపోయినవాళ్ళలో నేను ఉన్నాను. మామ నన్ను చూశారని నాకు తెలుసు. ఆయన్ను ప్రాణాలతో చూడడం అదే ఆఖరు.

చావు కబురు విన్నాక సెలవు పెట్టి కార్వేటినగరం పోయాను. వీధి మొదట్లో అభిమానుల పేరుతో పెద్ద ఫ్లెక్సీ. దాంట్లో మా నాయన, మామ పక్కపక్కన నవ్వుతున్నారు. బ్యాడ్జీల వాళ్ళే దండలు మోసుకొచ్చారు. ఒకడు ఫోను పట్టుకుని, భాగవతారు కూతురిగా రెండు ముక్కలు చెప్పండి మేడమ్ అని నా మీదికి వచ్చాడు. ఫోను తియ్యమన్నాను. తియ్యకపోతే చేత్తో తోసేశాను. అదీ వీడియోలో వచ్చిందని తరువాత తెలిసింది.

ఆ అమ్మాయి అత్త పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను పోయి దగ్గర కూర్చున్నాను. ఆమే మాట కలిపింది.

"అక్కా, ఆ దినం మీరు లేసి పోయినారే. కమిటీ ఆయన, కూతురు కూడా లేసి పోయింది సూడు అన్నాడు. దానికి తాత, 'ఆ పాప బస్సుకు పోవాలప్పా, అది తప్పితే ఇంక బస్సు లేదు' అన్నాడు."

ఆ ఊరికి గంటకో బస్సు ఉంది. ఆ సంగతి మామకు తెలియనిది కాదు.

పుత్తూరుకు తిరిగి వచ్చిన మరునాడు, మొదటిసారి, ఆ ఇంటర్వ్యూ మొదటి నుంచి చివరి దాకా చూశాను. నలభై సెకన్లు కోసిన చోట మామ ఒక్క క్షణం ఆగుతారు, ఆగి మళ్ళీ అంటారు: 'కానీ ఆ పదేండ్లే ఆయన కత బాగా చెప్పినాడు. గొంతు ఉన్నన్ని దినాలు గొంతు సూపించినాడు. అది పోయినాక కత చెప్పినాడు. ఆ పదేండ్లలో నేను పందిట్లో ఎన్నిసార్లు ఏడిసినానో ఆయనకు చెప్పలా.'

మా నాయనకు ఆయన చెప్పలేదు. చెప్పి ఉంటే మా నాయన ఇంకో పదేళ్ళు బతికేవారేమో అని పిచ్చి ఆలోచన వచ్చింది. ఒట్టు తప్పినందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. ఆ మాట మా నాయన ముందు ఎప్పుడూ అననందుకు అంతకన్నా ఎక్కువ కోపం ఉంది. ఆ వీడియో కింద నా పేరుతో రాశాను: 'మా నాయన గొంతు గురించి ఆయన చెప్పింది నిజం. నాకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా ఆయన్ను తిట్టాను.' సాయంత్రానికి తిట్లు మొదలయ్యాయి. కన్నతండ్రిని అమ్ముకుందన్నారు. ఆ అమ్మాయి ఎంత ఇచ్చిందని అడిగారు. ఈసారి తీసెయ్యలేదు. అన్నీ చదువుతున్నాను.

ఆ వీడియో ఆఖరు నిమిషాలు ఎవరూ చూసినట్టు లేదు. ఏదైనా వాయించమని అడిగితే మామ కళ్ళు మూసుకుని కాసేపు వాయిస్తారు. అడిగిన మనిషి నమస్కారం చెప్పి లేచిపోతాడు. ఛానెల్ వాళ్ళు కెమెరా ఆపడం మరిచిపోయారు. మామ కుడిచేతి వేళ్ళు మెట్ల మీద నుంచి లేచి, ఒళ్ళోకి వచ్చేశాయి. పాట అయిపోయింది. ఎడమ చెయ్యి మాత్రం పెట్టె వెనక తిత్తిని ఊపుతూనే ఉంది. స్వరమేమీ లేదు. ఖాళీ వసారాలో గాలి వస్తూ పోతూ ఉన్న చప్పుడు.