చింతపండు మెరుపు

1985 జూన్ 12, ఉదయం తొమ్మిదిన్నరకు, నకరికల్లు దగ్గర పోలీసులు మా బస్సును ఆపి సోదా చేశారు. మా చేలో దొరికిన పాత రోమన్ నాణేన్ని మా కాలేజీ చరిత్ర లెక్చరర్ గారికి చూపాలని శుభ్రం చేసి తీసుకువెళుతున్నాను. కానిస్టేబుల్ దానిని నా జేబులోంచి తీశాడు.

"ఒరేయ్, బంగారం! నిధి ఏడ తవ్వావురా?"

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేనే. ఇక జైలు తప్పదనుకున్నాను. నా పక్కన కూర్చున్న, గిన్నెలకు కళాయి పూసే ముసలి సాయిబు నాణేన్ని అందుకుని, వేళ్లతో రుద్ది వాసన చూశాడు.

"కంచు, సారూ. చింతపండుతో తోమాడు పిచ్చోడు. రెండ్రోజుల్లో నల్లబడుద్ది."

కానిస్టేబుల్ నవ్వుతూ దిగిపోయాడు. సాయిబు నాణేన్ని నా చేతిలో పెట్టి, "దీని మీది రాత గూడా తోమేశావు గదరా అబ్బాయ్," అన్నాడు.

అది ఏ చక్రవర్తి కాలానిదో లెక్చరర్ గారు చెప్పలేకపోయారు. ఆ తరువాత దొరికిన ఏ నాణేన్నీ నేను కడగలేదు.