నేను బాగుచేసిన ఒకే ఒక్క మిషన్

ఈ కథను మా ఆవిడ శారద ఎప్పుడూ ఒకేలా మొదలుపెట్టేది. "మా ఆయన పుట్టి బుద్ధెరిగాక బాగుచేసిన వస్తువు ఒక్కటే. దాని దెబ్బకు అరవై మంది ఆడవాళ్లు ఏడ్చారు."

అరవై కాదు, పదకొండు మంది. ఏడ్చింది కూడా ఒక్కరే, అదీ పైకి వినబడేలా కాదు. అయినా ఘోరం ఘోరమే, దాన్ని తక్కువ చేసి చెప్పను. ఎవరింటికి భోజనానికి వెళ్లినా, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి శారద ఈ కథ ఎత్తుకునేది. నేను తల వంచుకుని ఆవకాయ ముక్క నములుతూ వినేవాణ్ణి. ఈ వేసవిలో శారద పోయింది. కథ మిగిలింది. ఇక నా పరువు తీసేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి, ఆ పని నేనే చేసుకుందామని కూర్చున్నాను. ఆమె చెప్పిన పోలికలు అలాగే ఉంచుతాను. నాకు పోలికలు రావు, వాటిమీద నమ్మకం కూడా తక్కువ. అంకెలు మాత్రం దిద్దుతాను.

మేముండేది నల్లగండ్లలో. నా ఉద్యోగం హైటెక్ సిటీలో, ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం. ఇరవై రెండేళ్లు ఆ పని చేసినవాడికి లోకంలో ప్రతి వస్తువూ ఒక తప్పు దాచుకుని తన కోసమే ఎదురుచూస్తున్నట్టు కనిపిస్తుంది. ఇంట్లో మాత్రం నాకు వేరే పేరుంది. నేను బిగించిన కుళాయి కింది ఫ్లాట్ దాకా కారింది. నేను విప్పిన మిక్సీని మళ్లీ బిగించాక మూడు మరలు మిగిలాయి. శారద ఆ మూడింటినీ పోపులపెట్టెలో మెంతుల పక్క గిన్నెలో వేసి, వచ్చినవాళ్లకు చూపించేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట గెలిచే ఆశ బొత్తిగా లేనివాడు ఏం చేస్తాడు? నేరుగా రచ్చకే వెళ్తాడు. నేను మా అపార్ట్‌మెంట్ల సంఘంలో తోట కమిటీలో చేరాను.

అప్పటికి బతుకమ్మ పండుగ ఇంకా ఆరు రోజులుంది. మా బ్లాకుల వెనక, నీళ్ల సంపు దాటాక, ఆరువందల గజాల ఖాళీ జాగా ఉంది. శారద లెక్కలో అది రెండెకరాలు. వానలకు అక్కడ నడుమెత్తు పిచ్చిమొక్కలు లేచాయి. వాటి కొసల్లో పిల్లితోకల్లాంటి తెల్లని కంకులు. పండుగనాడు భోజనాల షామియానా అక్కడే వెయ్యాలని మా సెక్రటరీ గారు తేల్చి, మొత్తం కోసేయమని తోటమాలి మల్లయ్యకు చెప్పారు.

"పండుగ దాక ఉండనియ్యుండ్రి సార్" అన్నాడట మల్లయ్య.

"పాములొస్తాయి. కోసెయ్" అన్నారట ఆయన.

మర్నాడు మల్లయ్య నా దగ్గరికి వచ్చాడు. "మిషన్ ఖరాబైంది సార్. వైరు వస్తలేదు."

గడ్డి కోసే మిషన్ చూడనివాళ్ల కోసం ఒక మాట. పొడవాటి గొట్టం, దాని చివర తిరిగే డబ్బా, డబ్బాలో రీలుకు చుట్టిన నైలాన్ వైరు. కోసేది ఆ వైరే. అది అరిగినప్పుడల్లా, తిరుగుతున్న డబ్బాను నేలకేసి ఒకసారి తడితే కొత్త వైరు బెత్తెడు బయటికి రావాలి. రాకపోతే అది మిషన్ కాదు, చప్పుడు చేసే కర్ర.

"కొడవలితో కోస్తే?" అన్నాను.

"నడుం వట్టింది సార్."

ఇప్పుడు మల్లయ్య భార్య లక్ష్మమ్మ గురించి చెప్పాలి. వాళ్లది జడ్చర్ల దగ్గర ఊరు. ఆమె మా బ్లాకు ఊడ్చి తుడుస్తుంది. ఆరేళ్లుగా మా సంఘం ఆడవాళ్లు బతుకమ్మను బయట చెప్పి చేయించేవారు. పండుగ మర్నాడు రాలిన పూలు లక్ష్మమ్మ ఊడ్చేది. ఆ ఏడు ఎవరికో బుద్ధి పుట్టి, "మొదటి రోజు పెద్ద బతుకమ్మను నువ్వే పేర్చు లక్ష్మమ్మా" అన్నారు. ఊడ్చిన చోటే పేర్చడం. ఆమె వెంటనే మాటిచ్చింది. "తంగేడు మావోళ్లు తెస్తరు మేడమ్. గునుగు సంగతి నాకిడిసిపెట్టుండ్రి."

శారద అయితే ఈ ముడి చివరిదాకా విప్పేది కాదు. నాకు ఆ విద్య రాదు, ఇప్పుడే చెప్పేస్తాను. ఆ పిల్లితోకల కలుపే గునుగు. లక్ష్మమ్మ బతుకమ్మ మొత్తం ఆ ఆరువందల గజాల్లో నిలబడి ఉంది. మాది గోదావరి వైపు. అక్కడ దాన్ని చేలో కనబడితే పీకేస్తారు. హైదరాబాద్‌లో అన్నేళ్లు బతుకమ్మలకు ఫొటోలు తీసినవాణ్ణి, రంగులద్ది వరసలుగా పేర్చిన ఆ పువ్వు మొక్క మీద ఎలా ఉంటుందో ఒక్కసారీ అడగలేదు.

మంగళవారం పని మొదలుపెట్టాను. వైరు మందం తేడాగా ఉందేమోనని స్కేలు పెట్టి కొలిచాను. సరిగ్గానే ఉంది. రీలు విప్పి, మల్లయ్యను కూర్చోబెట్టి అడిగాను.

"ఎటు చుట్టాలి దీన్ని?"

"గిట్ల సార్." ఎడమకు తిప్పి చూపించాడు.

"ఖాయమేనా?"

"పదేండ్ల సంది చుడుతున్న సార్."

పదేళ్ల అనుభవం ముందు నేనెంత? ఎడమకే చుట్టాను. రాలేదు. విప్పి మళ్లీ ఎడమకే, ఇంకా శ్రద్ధగా చుట్టాను. ఇంకా శ్రద్ధగా రాలేదు. నేలకేసి తట్టినకొద్దీ వైరు బయటికి వచ్చే బదులు లోపలికి పోయేది. "కొత్త కోడలు మేనమామను చూసి వంటింట్లోకి పోయినట్టు" అనేది శారద. కొత్త కోడలు మేనమామకు ఎందుకు భయపడాలో నాకిప్పటికీ తెలియదు.

"మిషన్‌కు గర్మి ఎక్కింది సార్" అన్నాడు మల్లయ్య. "నాలుగొద్దులు పండవెడితే అదే దిగుతది."

"మిషన్‌కు వేడి చెయ్యడమేమిటయ్యా?"

"మనకు చేస్తలేదా సార్?"

బుధవారం ఒక వీడియోలో చూశాను: నైలాన్ ఎండిపోతే పెళుసవుతుంది, రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. పాతిక గజాల నారింజరంగు వైరును ఇడ్లీపిండి గిన్నెలో నానేశాను. పొద్దున శారద మూత తీసింది.

"ఏమండీ, ఇవేం జంతికలు?"

"మిషన్ వైరు. నానుతోంది."

"పెసరపప్పులాగా మొలకలొచ్చేదాకా ఉంచుతారా?"

"నవ్వకు. పండుగలోపు ఆ జాగా బాగుచెయ్యాలి."

"చేస్తారు, చేస్తారు" అంది శారద, ఎంతో ప్రశాంతంగా. ఆ ప్రశాంతత గుర్తుపెట్టుకోండి. దాని అర్థం నాకు రెండు రోజుల తర్వాత తెలిసింది.

గురువారం ఇంటి నుంచే ఆఫీసు పని. ఆన్‌లైన్ మీటింగ్ నడుస్తుండగా బల్ల కింద వైరు చుడుతున్నాను. కుక్కతోకను వెదురుగొట్టంలో పెట్టినవాడికే నా బాధ తెలుస్తుంది. వైరు ఒక్కసారి చేతిలోంచి లేచి, విప్పుకుని, కెమెరా ముందు నిలబడింది. "సార్, మీ వెనక పాముందా?" అని ఎవరో అడిగారు. "ముందుంది" అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం చివరి ప్రయత్నంగా పాత పళ్లబ్రష్‌తో రీలు తోమాను. ఎన్నేళ్ల గడ్డిరసమో ఆకుపచ్చ అట్టలా కట్టి ఉంది. అట్ట రాలేసరికి కింద ప్లాస్టిక్ మీద చిన్న బాణం గుర్తు బయటపడింది. అది కుడివైపు చూస్తోంది.

బతుకులో అంత ఆనందం నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. కుడికి చుట్టి, కిందికి పరుగెత్తి, మిషన్ లాగి, నేలకేసి తట్టాను. బెత్తెడు వైరు బయటికొచ్చింది. మళ్లీ తట్టాను. మళ్లీ వచ్చింది.

"మల్లయ్యా! పదేళ్లుగా తప్పు వైపు చుడుతున్నావయ్యా నువ్వు! బాణం చూడు!"

మల్లయ్య బాణం చూశాడు. నన్ను చూశాడు. వెనక జాగా వైపు చూశాడు.

"గా బాణం గిప్పుడే కనవడాల్నా సార్" అన్నాడు.

"ఎప్పటికైనా నేర్చుకోవచ్చు, సిగ్గుపడకు. పద, కోసేద్దాం."

"పెట్రోల్ లేదు సార్."

"నేను తెచ్చాను."

"రాళ్లు ఎగిరి కండ్లల్ల వడతయి సార్."

"మా అబ్బాయి ఈతకు పెట్టుకునే అద్దాలున్నాయి."

"పాములుంటయి సార్!"

"అందుకేగా కోసేది!"

"జర ఆగుండ్రి సార్. లక్ష్మమ్మను పిలుసుకొస్త."

"ఆవిడెందుకు?"

"ఊడ్వాలె గద" అంటూనే పరుగెత్తాడు. నడుం పట్టిన మనిషి అంత వేగంగా పరుగెత్తడం నేను అంతకుముందు చూడలేదు. పనిమీద ఎంత శ్రద్ధ అనుకున్నాను.

ఆగలేదు. ఈత అద్దాలు పెట్టుకుని మిషన్ ఎత్తాను. అది కోసింది అనకూడదు, మింగింది. వైరు వస్తున్న ఆనందం కోసమే అవసరం లేకపోయినా నేలకేసి తట్టాను. తెల్లకంకులు ముక్కలై లేచి, నా తలమీద, భుజాలమీద పడ్డాయి. శారద మాటల్లో, "రెండో పెళ్లికి తలంబ్రాలు పోసుకున్నట్టు." పావుగంటలో ఒక మూల తప్ప అంతా చదునైంది. తల తిప్పి చూస్తే లక్ష్మమ్మ రెండు చేతులూ పైకెత్తి ఊపుతోంది. మెచ్చుకుంటోందనుకుని నేనూ చెయ్యి ఊపాను.

సరిగ్గా అప్పుడే వైరు ఆగింది. తట్టాను. రాలేదు. చాకిరేవులో బట్ట బాదినట్టు బాదాను. రాలేదు. ఇంజన్ ఆపాను.

లక్ష్మమ్మ చేతులు దించి, కోసిన చోట కూర్చుంది. తునిగిన కంకి ఒకటి తీసి, విరిగిన ముక్కను కాడ మీద నిలబెట్టబోయింది. అది నిలవలేదు.

"సార్, గిది గునుగు" అంది. "రేపే అమాస, రేపే పండుగ. నేనేం వేర్వాలె?"

కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మిగతా పదిమంది ఆడవాళ్లు ఆ చప్పుడుకు అప్పటికే బాల్కనీల్లోకి వచ్చారు. నేను ఈత అద్దాలతో, నెత్తిన తలంబ్రాలతో వాళ్ల మధ్య నిలబడ్డాను. అద్దాలు తీసేద్దామని కూడా తోచలేదు.

సంపు వెనక గోడ మూలన, రెండు మంచాలు పట్టేంత మేర మాత్రం గునుగు ఇంకా నిలబడి ఉంది. అప్పుడే సెక్రటరీ గారు వచ్చారు.

"శభాష్! ఆ మూల కూడా కానిచ్చేయండి. షామియానావాళ్లు వచ్చేస్తున్నారు."

లక్ష్మమ్మ తల ఎత్తి నావైపు చూసింది. నేను మిషన్ చూశాను.

"మిషన్ ఖరాబైందండీ" అన్నాను. "వైరు రావడం లేదు."

ఆయన ఒకసారి తట్టి చూసి, నిట్టూర్చి వెళ్లిపోయారు. ఈసారి అది అబద్ధం కాదు. తర్వాత విప్పి చూస్తే, నేను చుట్టిన వైరు ఒకదానిమీద ఒకటెక్కి, వేడికి కరిగి, ముద్దలా అతుక్కుపోయింది. దిక్కు సరిగ్గా చుట్టాను గానీ వరస సరిగ్గా చుట్టలేదు. ఆ మూల నా తెలివివల్ల బతకలేదు, నా చేతకానితనంవల్ల బతికింది.

మర్నాడు పొద్దున్నే నేనూ మల్లయ్యా నా స్కూటర్ మీద తెల్లాపూర్ వైపు ఖాళీ ప్లాట్లన్నీ తిరిగాం. ఒకచోట వాచ్‌మన్ ఆపాడు. "ఏం జేస్తున్నరు సార్?" "కలుపు ఏరుతున్నాను." అలవాటు కొద్దీ మెడలో ఆఫీసు కార్డు వేసుకుని బయల్దేరాను. దాన్ని చూసి, "ఉద్యోగం పోయిందా సార్?" అన్నాడు పాపం.

దారిలో మల్లయ్యను అడిగాను. "నాతో ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తె మీరు ఇంటరు సార్. మీరు మీటింగ్ వెడ్తరు. మీటింగ్ల ఆళ్లు ఇనరు. మిషన్ ఖరాబైందంటే ఇగ ఎవ్వలు ఎదురు మాట్లాడరు. అందుకే ఉల్టా చుట్టిన."

సాయంత్రానికి మేం ఏరి తెచ్చిన రెండు సంచులూ, గోడ మూలన మిగిలినదీ కలిపి లక్ష్మమ్మ పేర్చింది. అనుకున్నదానిలో సగం ఎత్తే వచ్చింది. అయినా అందరి బతుకమ్మలకూ నడుమ పెట్టింది. పాట కూడా ఆమే ఎత్తుకుంది. శారద చప్పట్లు తప్పుగా వేస్తూ ఆమె వెనకే తిరిగింది.

ఇంటికొచ్చాక శారదతో అన్నాను. "పాపం, వాళ్లిద్దరూ ఆ రహస్యం ఎలా దాచుకున్నారో."

"ఇద్దరు కాదు, ముగ్గురం" అంది శారద. "లక్ష్మమ్మ సోమవారమే నాతో చెప్పింది."

"తెలిసీ నాలుగు రోజులు చూస్తూ ఊరుకున్నావా? నాతో ఒక్క మాట అనలేదేం?"

శారద నిజంగానే ఆశ్చర్యపోయింది. "మిషన్ మీ చేతికొచ్చిందని తెలిశాక ఇక భయమేముంది? నిశ్చింతగా పడుకోమని లక్ష్మమ్మకు నేనే చెప్పాను. మీరు బాగుచేస్తారని ఎవరు కలగన్నారండీ?"

ముగ్గురు మనుషులు నా చేతకానితనాన్ని నమ్మి పండుగ పెట్టుకున్నారు. ఆ నమ్మకాన్ని నేను వమ్ము చేశాను. శారద పోపులపెట్టె తెచ్చి ముందు పెట్టింది. ఆ మూడు మరల సాక్షిగా కుడిచేయి చాపి ఒట్టేశాను: చెడిపోయిన ఏ వస్తువునైనా, అది ఎవరి కోసం చెడిపోయిందో కనుక్కోకుండా, ఈ జన్మలో ముట్టను.

మొన్న మల్లయ్య వచ్చాడు. గడప దగ్గరే నిలబడి, వంటింటి వైపు ఒకసారి చూసి, చూపు దించుకున్నాడు.

"సార్, పండుగొస్తుంది. మిషన్ ఖరాబైంది. వైరు వస్తలేదు."

"అయ్యో" అన్నాను. "చూడమంటావా?"

"వద్దు సార్!" అన్నాడు, ఒక అడుగు వెనక్కి వేసి.

అతను వెళ్లాక పోపులపెట్టె తెరిచాను. మూడూ ఉన్నాయి. ఒట్టు తప్పలేదని వాటితో చెప్పి మూత పెట్టాను.