నా వంతు ఢావ్లో

మా అమ్మ తన పెళ్లినాడు ఏడు ఢావ్లోలు పాడిందట. పెళ్లయి తండా విడిచేటప్పుడు లంబాడీ పిల్ల ఒక్కొక్కరి మెడ పట్టుకుని, వాళ్లకంటూ కట్టి పాడే ఏడుపు పాట అది. తల్లికి, తండ్రికి, నానమ్మకు, అన్నకు, మేనమామకు, తోటి పిల్లలకు, చివరికి కొట్టంలోని ఆవుకు. మా చెల్లె పెళ్లికి అవి నాలుగయ్యాయి. నా కూతురి దగ్గరికొచ్చేసరికి నోటికొచ్చినవి సున్నా.

తండా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి దిగినప్పుడు, ఓనరమ్మ వింటుందని పిల్లతో తెలుగే మాట్లాడాం. ఎల్బీనగర్‌లో సొంత ఫ్లాటుకు మారినా అలవాటు పోలేదు. అమ్మ మా గోర్ బోలీలో అడుగుతుంది, పిల్ల తెలుగులో జవాబిస్తుంది.

పెళ్లి కుదరగానే అమ్మ మొండికేసింది. “నాకు ఢావ్లో పాడకుంటే ఫంక్షన్ హాలుకే రాను.”

“ఏడ్వమంటే ఏడుస్తా నానమ్మా, పాడుడేంది? మేకప్ అంతా కారిపోతది.”

“కారనీ. పెండ్లికొడుకు అసలు మొఖం చూస్తడు.”

పిల్ల నవ్వి, నానమ్మ పాట ఫోన్‌లో రికార్డు చేసుకుంది. ఆఫీసుకు పోతూ మెట్రోలో వినేది. నాకే కాలు నిలిచేది కాదు. సాయంత్రమైతే అడిగేవాణ్ణి, ఎంతవరకొచ్చిందని.

“ఇదేమన్న పరీక్షనా డాడీ? జర ఊపిరి తీస్కోనీ.”

కర్మన్‌ఘాట్ హాల్లో అప్పగింతల వేళ పిల్ల నానమ్మ మెడ పట్టుకుంది. మొదటి చరణం సరిగ్గా వచ్చింది. రెండోది గుర్తు రాలేదు. అదే రాగంలో తెలుగులో అందుకుంది: “స్కూలు బస్సు పోయేదాక గేటుకాడ నిలవడ్డవు నానమ్మా, రేపటిసంది ఎవల కోసం నిలవడ్తవు...”

అమ్మ గోర్ బోలీలో బదులు పాడింది. తర్వాత పిల్ల వాళ్లమ్మ మెడ పట్టుకుని రెండు చరణాలు పాడింది. నేను ముందుకు జరిగాను. అంతలో పెళ్లికొడుకు బాబాయి, “టైమైతుంది, బండెక్కుండ్రి” అన్నాడు. పిల్ల నా చెయ్యి నొక్కి ఎక్కేసింది.

ఇప్పుడు ఇంటికొచ్చినప్పుడల్లా “నీది యాదికున్నది డాడీ, నేర్చుకుంటున్న” అంటుంది. నేను హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి హాల్లోకి తిరుగుతుంటాను. నేర్పాల్సిన అమ్మ చరణం మధ్యలో ఆగి, తర్వాతేమిటని నన్నే అడుగుతోంది. అది ఆడవాళ్ల పాట. నాకు రాగమే తెలుసు.

ఏడింట్లో రెండు ముట్టాయి. ఆవు లేదు కాబట్టి దాన్ని కొట్టేశాను. ఇంకా నాలుగు బాకీ. అందులో ఒకటి నాది.