నీలం చేపకు దిష్టి

తిరుపతిలో మా ఇంట్లో నేను పెట్టుకున్న సముద్రపు చేపల తొట్టి చవకది. గాజు తొట్టి పాతది. సముద్రపు నీళ్లు మామ మద్రాసు నుంచి బస్సులో డబ్బాల్లో తెచ్చినవి. అందులో ఉన్నది ఒక్కటే నీలం చేప.

ఆవిరైన మేరకు మంచినీళ్లు పోస్తున్నా ఉప్పు కొలిచే గాజుగొట్టం రోజురోజుకూ పైకి తేలుతోంది, అంటే నీళ్లలో ఉప్పు పెరుగుతోంది. చేప మేత మానేసింది. గొట్టమే తప్పుడుదేమోనని అమ్మినవాణ్ణి అనుమానించాను. నీళ్లే మంచివి కావేమోనని మామనూ అనుమానించాను. ఎవరినీ అడిగే ధైర్యం లేక, తొట్టి దగ్గరికి ఎవరొస్తున్నారో చూద్దామని ఒక సాయంత్రం తలుపు చాటున నిలబడ్డాను.

అవ్వ వచ్చింది. పిడికెడు కల్లుప్పుతో తొట్టికి దిష్టి తీసి, ఆ నీళ్లలోనే వేసింది.

"అవ్వా! అందులో ఎందుకేస్తాండావు?"

"వచ్చినోళ్లంతా దీన్నే సూస్తాండారు. దిష్టి ఉప్పు నీళ్లల్లో కరగాల గదా!"

"ఉప్పెక్కువై సచ్చిపోతాది."

"సముద్రంలో పుట్టినదానికి ఉప్పెక్కువవుతాదా? ఎవురు సెప్పినారే నీకు?"

వెంటనే కొంత నీరు తోడి మంచినీళ్లు కలిపాను. మరుసటి సాయంత్రానికి చేప మేత ముట్టింది. అవ్వ మళ్లీ ఉప్పుతో వచ్చేసరికి తొట్టి పక్కన చెంబుతో నీళ్లు పెట్టి ఉంచాను. అవ్వ చెంబునూ నన్నూ అనుమానంగా చూసి, ఉప్పు చెంబులో వేసింది. ఆమె పిడికిలి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు.