తాడు ఒరిసిన చెయ్యి

దయ్యం, గాలి, సోకు, మహిమ... వీటిలో ఒక్కదాన్నీ ఏనాడూ లెక్కచేసిన మనిషిని కాను నేను. చొప్పదండిలో నాకు మోటారు వైండింగ్ షాపు ఉంది. పొలాల దగ్గర కాలిపోయిన మోటార్లు నా దగ్గరికొస్తాయి. దిష్టి తగిలి కాలిందని చెప్పేవాళ్లు కూడా ఉంటారు. విప్పి చూస్తే నీళ్లు లేకుండా నడిపి ఉంటారు, లేదంటే ఒక ఫేజ్ పోయి ఉంటుంది. ఆ మాట ముఖం మీదే చెప్పేస్తాను. అందుకే ఊళ్లో నాకు నోటి దురుసు మనిషినని పేరు.

అలాంటివాణ్ణి ఇది రాయడానికి కూర్చున్నానంటే నాకే చిరాగ్గా ఉంది. చదివి నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ఇంకెవరైనా చెబితే నేనూ నవ్వేవాణ్ణే.

మా అక్క కూతురు మౌనిక కిర్గిజిస్తాన్‌లో డాక్టరు చదువుతోంది. బావ మస్కట్‌లో పనిచేస్తాడు కాబట్టి ఇక్కడ ఆ పిల్ల పనులన్నీ మేనమామగా నావే. పాస్‌పోర్టు కోసం తిరిగింది నేను. కరీంనగర్‌లో కన్సల్టెన్సీకి తీసుకెళ్లింది నేను. శంషాబాద్‌లో విమానం ఎక్కించి, అక్కను ఓదార్చుకుంటూ ఇంటికి తెచ్చిందీ నేనే.

రెండో ఏడు చలికాలంలో మౌనికకు జ్వరం పట్టుకుంది. ముందు జలుబే అంది. తర్వాత ఫోన్ ఎత్తడం మానేసింది. చివరికి దాని గదిలో ఉండే సమీనా చేసింది. సమీనాది కాగజ్‌నగర్. ఇద్దరూ మొదటి ఏడు నుంచి ఒకే గది.

"అంకుల్, మౌనికకు నిమోనియా అంటున్నరు. దవాఖానల షరీక్ చేసిన్రు. మనిషి సోయిల లేదు."

నాకు జ్వరం కంటే భయపడాల్సిన ఇంకో సంగతి గుర్తొచ్చింది. మౌనిక చిన్న తరగతుల్లో ఉన్నప్పుడు గొంతు నొప్పికని పెన్సిలిన్ సూది వేయించాం. చూస్తుండగానే ముఖం వాచిపోయింది, ఊపిరి అందలేదు, పెదవులు నల్లబడ్డాయి. ఎలాగో బతికి బయటపడింది. ఆ జాతి మందు ఇంకోసారి ఒంట్లోకి పోతే పిల్ల దక్కదని డాక్టరు గట్టిగా హెచ్చరించాడు. ఆ సంగతి మాకు తెలుసు, మౌనికకు తెలుసు. అక్కడి డాక్టర్లకు తెలియదు. చెప్పాల్సిన పిల్లేమో స్పృహలో లేదు.

ఇక నా పని ఒక్కటే. ఆ ఒక్క ముక్క అక్కడి డాక్టరు చెవిన వేయడం. ఇంత చిన్న పనికి నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. అడ్మిషన్ అయ్యేదాకా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాళ్లే చేసేవాళ్లు. "మీ పిల్ల మా పిల్ల లెక్క" అన్నవాళ్లు. బండి మీద కరీంనగర్ పోయాను. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి "సార్ మీటింగ్‌ల ఉన్నడు, జర కూసోండ్రి" అంది. కూర్చున్నాను. గోడ నిండా తెల్ల కోట్లు వేసుకుని నవ్వుతున్న పిల్లల ఫోటోలు. మధ్యాహ్నానికి సారు బయటికొచ్చాడు. నేను పెన్సిలిన్ సంగతి చెబుతుంటే అతను ఫోన్ చూసుకుంటూ "మేం చెప్తం అన్నా, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. సాయంత్రం అడిగితే చెప్పామన్నాడు. ఎవరికి చెప్పావయ్యా అంటే ఫోన్ పెట్టేశాడు.

ఆసుపత్రి నంబరు సంపాదించి నేనే చేశాను. ఎత్తిన ఆవిడ రష్యన్‌లో ఏదో గబగబా మాట్లాడి పెట్టేసింది. మళ్లీ చేశాను. మళ్లీ పెట్టేసింది. వార్డులోకి బయటివాళ్లను రానివ్వరు. సమీనా గేటు దగ్గర మంచులో నిలబడి ఎవరు కనపడితే వాళ్లకు చెప్పింది. "చెప్పిన అంకుల్. తలకాయలు ఊపిన్రు. ఎవ్వరు రాసుకోలే" అని ఏడ్చింది. మొబైల్లో పెన్సిలిన్ పడదన్న ఆ నాలుగు మాటలను రష్యన్‌లోకి మార్చి ఆమెకు పంపాను. ఎలాగైనా డాక్టరుకు చూపించమన్నాను.

జ్వరం తగ్గలేదు. రేపు మందు మారుస్తారట అని సమీనా కబురు చెప్పింది. ఏ మందో ఆమెకు చెప్పలేదట.

ఆ రేపు రానే వచ్చింది. నేను షాపు మూసేసి ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. అక్క తలస్నానం చేసి, చెప్పులేసుకుని వాకిట్లో నిలబడింది.

"తమ్మీ, పిల్లకు గా సూదికి ముఖమంత వాసినప్పుడు నేను రాజన్నకు కోడె మొక్కిన. ఇయ్యాల్టిదాక కట్టలే. గదే పట్టుకున్నది. ఏములాడ పోదాం పా."

నాకు ఒళ్లు మండిపోయింది. మా వైపు అందరూ మొక్కేదే ఆ మొక్కు. వేములవాడలో రాజన్న అని పిలుచుకునే శివుడి గుడికి పోయి, టికెట్ తీసుకుని, కోడె తాడు పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు. మొక్కడం ఒక్క నిమిషం పని. కట్టడం మాత్రం వచ్చే ఏడుకు, ఆపై ఏడుకు వాయిదా పడుతూనే ఉంటుంది. ఇన్నేళ్లు ఆగిన మొక్కు ఇవాళ ఒక్క పూట ఆగదా అన్నాను. "నేను ఫోన్ పట్టుకోని కూసోవాల్నా, కోడె తాడు పట్టుకోవాల్నా?" అని అరిచాను కూడా.

అక్క బస్సు కోసం బయల్దేరింది. నాలుగు రోజులుగా అన్నం ముట్టని మనిషి, నిలబడితేనే తూలుతోంది. అంతలో మస్కట్ నుంచి బావ ఫోన్. "అది ఊకుంటలేదు బామ్మర్దీ, జర తీస్కపో" అన్నాడు. ఫోన్ అక్కడైనా మోగుతుందిలే అనుకుని, తిట్టుకుంటూనే బండి తీశాను.

సోమవారం కావడంతో గుడి దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. కోడె టికెట్ తీసుకున్నాం. తాడు నన్నే పట్టమంది అక్క. పిల్ల ఎక్కడో పడి ఉంది కాబట్టి దాని పేరు మీద మేనమామే పట్టాలట. ఎవరు పెట్టిన రూలో నాకు తెలియదు. పట్టుకున్నాను. మెలి తిప్పిన నైలాన్ తాడు, గరుకుగా ఉంది. చివర చిన్న ముడి వేసి ఉంది. కోడె తెల్లది, బక్కది. రోజంతా జనం వెంట తిరిగి తిరిగి అలవాటైంది కాబోలు, దానంతటదే నడుస్తోంది. నా కళ్లు మాత్రం చొక్కా జేబు మీదే ఉన్నాయి.

మూల తిరుగుతుండగా ఫోన్ మోగింది. ఎడమ చేత్తో జేబులోంచి తీశాను. సమీనా. అప్పుడే కోడె ఉన్నట్టుండి తల విదిల్చి వెనక్కి గుంజింది. అంత బక్క జంతువుకు అంత బలం ఎక్కడిదో, నన్ను రెండడుగులు వెనక్కి ఈడ్చింది. తాడు నా కుడి అరచేతిలోంచి సర్రున జారింది.

"ఇడ్వకు తమ్మీ! ఇడ్వకు!" అక్క గొంతు చించుకుని అరిచింది.

ఫోన్ కింద పడింది. చివర ముడి దగ్గర తాడు ఆగింది. కోడె మళ్లీ ఏమీ ఎరగనట్టు నిలబడింది.

తోలు ఊడిపోయి ఉంటుందనుకుని చెయ్యి తెరిచి చూసుకున్నాను. ఏమీ లేదు. కనీసం ఎర్రబడలేదు, మంట లేదు. అప్పుడు దాని గురించి ఆలోచించే తీరిక లేదు. ఫోన్ ఏరుకుని చూస్తే కాల్ పోయింది. తిరిగి చేస్తే ఎత్తడం లేదు. ఆ కోపంలో కోడెను తిట్టాను, అక్కను తిట్టాను, కన్సల్టెన్సీవాణ్ణి గుడి అని కూడా చూడకుండా తిట్టాను. అక్క ఏడుస్తూనే మిగిలిన చుట్టు తిప్పించి కోడెను కట్టించింది.

వచ్చేటప్పుడు గంగాధర దగ్గర చాయ్ హోటల్ ముందు బండి ఆపాను. అప్పుడు చేసింది సమీనా. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"మౌనిక మంచిగున్నది అంకుల్. కండ్లు తెరిచింది."

తర్వాత జరిగిందంతా చెప్పింది. ఆ రోజు గేటు దగ్గర ఎవరో దయతలిచి లోపలికి వదిలారు. వార్డు తలుపు దాకా వచ్చాననే మాట చెప్పడానికే నాకు ఫోన్ చేసింది. "మీకు రింగ్ పోతుండంగనే లోపల నర్సు మొత్తుకున్నది. కట్ జేసి ఉరికిన." లోపల నర్సు సెలైన్ పైపులోకి కొత్త మందు ఎక్కించడం మొదలుపెట్టిందట. అన్ని రోజులు వేలు కూడా కదపని మౌనిక కుడి చెయ్యి ఒక్క గుంజు గుంజుకుందట. సూది ఊడిపోయింది. పక్క మీదంతా రక్తం. నర్సు మళ్లీ సూది గుచ్చబోతుంటే సమీనా అడ్డం పడి ఫోన్‌లోని ముక్క చూపించింది. అప్పటికే మౌనిక మెడ మీద దద్దుర్లు లేచాయి. అది పెన్సిలిన్ జాతి మందే, పోయింది కొన్ని చుక్కలే. మొత్తం పోయి ఉంటే తమ చేతుల్లో ఏమీ ఉండేది కాదని డాక్టరే అన్నాడట.

నేను బెంచీ మీద కూర్చుండిపోయాను. సిగ్గు లేకుండా ఏడ్చాను.

సమీనా ఇంకో మాట కూడా అంది, కోపంగా. "వీళ్లు దాన్ని తాడుతోటి కట్టేసినట్టున్నరు అంకుల్. అడిగితే లేదంటున్నరు. మీరే చూడుండ్రి." ఫోటో పంపింది. మౌనిక కుడి అరచెయ్యి. చూపుడు వేలు మొదటి నుంచి మణికట్టు దాకా ఏటవాలుగా ఎర్రటి ఒరుపు. తోలు లేచిపోయి, తాడు మెలికలు ఒక్కొక్కటీ అచ్చు పడినట్టు కనిపిస్తున్నాయి.

అక్క ఆ ఫోటో చూసింది. తర్వాత నా కుడి చెయ్యి పట్టుకుని, తెరిచి, అటూ ఇటూ తిప్పి చూసింది. మేం వేములవాడ పోయిన సంగతి సమీనాకు అప్పటికి ఎవరూ చెప్పలేదు.

నేను ఊరుకునే రకం కాదు. మోటారు ఎందుకు కాలిందో తేలేదాకా విప్పుతూనే ఉంటాను. నిజంగానే కట్టేసి ఉంటారని అనుకున్నాను. కానీ సమీనా ఆ వార్డులో తాడు ముక్క కూడా చూడలేదు. కట్టేస్తే మణికట్టు మీద పడాలి మచ్చ, అరచేతిలో కాదు. సెలైన్ పైపు ఒరిసిందనుకుందామంటే అది నున్నటి ప్లాస్టిక్. సెలవులకు మౌనిక ఇంటికొచ్చినప్పుడు, గుడి మాట ఎత్తవద్దని అక్కకు ముందే చెప్పి, ఆ రోజు ఏం గుర్తుందని మామూలుగా అడిగాను.

"నా చేతిల తాడున్నట్టు అనిపిచ్చింది మామా. అవుతలికెల్లి ఎవరో గుంజుతున్నరు. ఇడిచిపెడదామనుకున్న. గప్పుడు అమ్మ 'ఇడ్వకు' అని మొత్తుకున్నది. గట్టిగ పట్టుకున్న."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత ముగ్గురం వేములవాడ వెళ్లాం. ఈసారి అక్క తాడు పట్టమంటే నేను పట్టలేదు. భయమేసింది, దాచుకోవడం ఎందుకు. మౌనికే పట్టుకుంది. కోడె బుద్ధిగా దాని వెంట నడిచింది. చుట్టు తిరుగుతుండగానే అక్క ఆగలేక ఆ రోజు జరిగిందంతా చెప్పేసింది. మౌనిక కోడెను కట్టేసి నా దగ్గరికొచ్చింది.

"మామా, నీ చెయ్యి సూపియ్యి."

నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. ఆ తాడు ఒరిసింది నా చేతిలో. మంట పుట్టాల్సింది నాకు. ఆ పిల్లకు చూపించడానికి నా చేతిలో ఒక్క గీత కూడా లేదు.